జీతంతో తెగిపోయే లెక్క కాదు

“సైన్యంలో పనిచేసినవాడికి జీతం ఇచ్చాం. దిగిపోయాక పెన్షన్ ఇస్తున్నాం. ఇక కృతజ్ఞత పేరుతో ప్రత్యేకంగా చేయాల్సిందేముంది?” ఈ ప్రశ్న ఇదివరకు లోగొంతుకలో వినిపించేది. ఇప్పుడు బాహాటంగానే అడుగుతున్నారు. చదువుకున్నవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు, సైన్యం మీద ఏ ద్వేషమూ లేనివాళ్ళు కూడా అడుగుతున్నారు. కాబట్టి దాన్ని దేశద్రోహం కింద జమకట్టి తిట్టిపోస్తే సరిపోదు. వాదానికి వాదంతోనే జవాబు చెప్పాలి.

వాళ్ళు చెప్పేది ఇది. సైన్యంలోకి ఎవరినీ మెడపట్టి లాక్కెళ్ళలేదు, ఉద్యోగమని చేరారు. 2025–26 రక్షణ బడ్జెట్ సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలైతే, అందులో 1.60 లక్షల కోట్లకు పైగా పెన్షన్లకే పోతోంది. ఆపైన క్యాంటీన్, వైద్యం, ఉద్యోగాల్లో రిజర్వేషన్, భూమి. సరిహద్దులో చనిపోతే ప్రభుత్వాలు లక్షలు, కోట్లు ప్రకటిస్తున్నాయి. ప్రాణానికి తెగించి పనిచేసేది సైనికుడొక్కడేనా, మాన్‌హోల్లోకి దిగేవాడి సంగతేమిటి? పైగా సైనికుణ్ణి నెత్తిన పెట్టుకునే సమాజం రేపు యుద్ధాన్నీ నెత్తిన పెట్టుకుంటుంది.

వీటిలో ఏ ఒక్కటీ పచ్చి అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి మాటా ఖాతాలో ఒక పక్క పేజీ మాత్రమే చూపిస్తుంది. రెండో పేజీ కూడా తిప్పి చూద్దాం.

1. ఇష్టపడి చేరాడు సరే, ఇష్టమొచ్చినప్పుడు మానేయగలడా?

ఉద్యోగమన్నాక రెండు వైపులా బేరం ఉంటుంది. జీతం చాలకపోతే అడగొచ్చు. సంఘం పెట్టుకోవచ్చు. సమ్మె చేయొచ్చు. ఏదీ కుదరకపోతే రాజీనామా కాగితం బల్లమీద పడేసి ఇంటికి పోవచ్చు. సైనికుడికి ఈ దారులన్నీ మూతపడ్డాయి. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగం 33వ అధికరణంలో పార్లమెంటుకు ఉంది. 1950 నాటి సైనిక చట్టం సంఘంలో చేరడాన్నీ, పత్రికలతో మాట్లాడడాన్నీ కట్టడి చేసింది. సెలవు లేకుండా ఇంటికి వెళ్తే మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. యుద్ధ విధుల్లో ఉండగా పారిపోతే మరణశిక్ష దాకా వేయొచ్చు. “నచ్చకపోతే మానేయొచ్చుగా” అని ఆఫీసు ఉద్యోగికి చెప్పినంత తేలిగ్గా సియాచిన్లో కాపలా కాసేవాడికి చెప్పగలమా?

బేరమాడే నోటిని చట్టంతో కట్టేసి, ఆ తర్వాత “బేరం ప్రకారం ఇచ్చేశాం” అనడం కుదరదు. నోరు కట్టేసినవాళ్ళే అతని తరఫున మాట్లాడాలి. అలా కట్టేసింది మనం ఎన్నుకున్న పార్లమెంటే గనుక ఆ బాధ్యత మనదే.

ఆ బాధ్యతను ఎంత బాగా నెరవేర్చామో ‘ఒకే ర్యాంకు – ఒకే పెన్షన్’ వ్యవహారం చూస్తే తెలుస్తుంది. ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో దిగిపోయిన ఇద్దరికి, దిగిపోయిన సంవత్సరం వేరైనంత మాత్రాన పెన్షన్ తేడా ఉండకూడదన్నది వాళ్ళ కోరిక. అందుకోసం 2015లో తలలు నెరిసిన సైనికులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. ఆ ఏడాది నవంబరులో ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్ళకోసారి సవరిస్తామన్నారు. 2019 జూలై నుంచి రావాల్సిన సవరణ రాలేదు. 2022 మార్చిలో సుప్రీంకోర్టు, మూడు నెలల్లో బకాయిలు ఇవ్వమంది. ప్రభుత్వం గడువు మీద గడువు అడిగింది. చివరికి నాలుగు వాయిదాల్లో ఇస్తామని రక్షణ శాఖ తనకు తానే ఉత్తర్వు జారీ చేసుకుంటే, 2023లో కోర్టు మందలించి, 2024 ఫిబ్రవరి నెలాఖరును ఆఖరి హద్దుగా పెట్టింది. డెబ్బై దాటినవాళ్ళకు అంతకంటే ముందే ఇచ్చేయాలని విడిగా గడువు పెట్టింది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

2. పెన్షన్ భారం ఎవరు కట్టుకున్నది?

సిపాయి చాలావరకు ముప్పై అయిదు, నలభై ఏళ్ళ మధ్య ఇంటికొచ్చేస్తాడు. ఏటా సుమారు అరవై వేల మంది ఇలా బయటికి వస్తున్నారు. ఆ వయసులో వాళ్ళు కోరి రావడం లేదు. సైన్యమంతా కుర్రవాళ్ళతో నిండి ఉండాలన్నది దేశం పెట్టుకున్న విధానం. సిపాయి దిగిపోయే నాటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, అమ్మానాన్నలకు మందుల ఖర్చు మొదలై ఉంటుంది, ఇల్లు ఇంకా పునాదుల్లోనే ఉంటుంది. అదే ఈడు సర్కారీ గుమస్తాకు ఇంకో ఇరవై ఏళ్ళ జీతం, ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు ముందున్నాయి. ఖర్చు పెరిగే రోజుల్లో సంపాదన ఆపేసిందీ మనమే, ఆ లోటు పూడ్చే పెన్షన్‌ను భారమని మూలిగేదీ మనమే. ఇంకో సంగతి. ఆ లక్షా అరవై వేల కోట్ల పద్దులో యూనిఫాం వేసినవాళ్ళే కాదు, అరవై ఏళ్ళ దాకా పనిచేసి దిగిపోయిన రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగులూ ఉన్నారు. ఈ మాట ఎత్తకుండా మొత్తం అంకెను జవాను నెత్తిన రుద్దడం నిజాయితీ కాదు.

సైన్యంలో చేసిన ప్రతివాడికీ పెన్షన్ వస్తుందన్నది కూడా భ్రమే. పదిహేనేళ్ళు నిండని సిపాయికి సర్వీసు పెన్షన్ లేదు. అలాంటివాడు అరవై అయిదు దాటి గతిలేని స్థితిలో పడితే, పతాక దినోత్సవ నిధి నుంచి నెలకు 4,000 రూపాయలు ఇచ్చేవారు. 2025 అక్టోబరులో దాన్ని 8,000 చేశారు. ఆ నిధి ప్రధానంగా జనం వేసిన విరాళాలతో పోగైంది. దేశం చేయించుకున్న పనికి ముసలితనంలో గ్రాసం హుండీ నుంచి రావడాన్ని ఏ ఉద్యోగ ఒప్పందం కింద సమర్థిస్తారు?

2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకం ఈ ‘భారం’ మాటను విధానంగా మార్చేసింది. నాలుగేళ్ళ కొలువు, ఆ తర్వాత పాతిక శాతం మందికే కొనసాగింపు, మిగతావాళ్ళ చేతిలో సుమారు 11.71 లక్షల సేవానిధి. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఖర్చు తగ్గిందేమో గానీ గుండు బరువు తగ్గలేదు. శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ ఆ పథకం కింద చేరిన అగ్నివీరుడే. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. అగ్నివీరుడు విధుల్లో చనిపోతే కేంద్ర నిబంధనల కింద 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలపు జీతం వస్తాయి. చిన్న మొత్తం కాదు, ఒప్పుకోవాలి. కానీ అదే పోస్టులో, అదే కాల్పుల్లో రెగ్యులర్ జవాను చనిపోతే అతని కుటుంబానికి ఆఖరి జీతమంత ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అగ్నివీరుడి ఇంటికి ఆ నెలనెలా వచ్చేది లేదు. చావు ఒకటే అయినప్పుడు కుటుంబాలకు రెండు ధరలు కట్టే హక్కు ఎవరిచ్చారు?

3. రాయితీల జాబితా విప్పి చూస్తే

మన ఊళ్ళలో మాజీ సైనికుడనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది క్యాంటీన్ సీసా. పెళ్ళికి నాలుగు రోజుల ముందు “అన్నా, నీ కార్డు మీద రెండు బాటిళ్ళు ఇప్పించవా” అని వచ్చే చుట్టాలే, పెళ్ళయ్యాక “వీళ్ళకేంలే, అన్నీ చవగ్గా వస్తాయి” అంటారు. క్యాంటీన్ సంగతి అంతవరకే. దాంతో ఎవరి పిల్లల చదువూ గడవదు.

వైద్యం ఉచితమంటారు. 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం చందా కట్టి చేరేది. దిగిపోయేటప్పుడే ర్యాంకును బట్టి వేలల్లో కోస్తారు. ఆ తర్వాత పాలీక్లినిక్‌లో రిఫరల్ రాయించుకుని ఎంప్యానెల్ ఆసుపత్రికి వెళ్తే, పాత బిల్లులు రాలేదని కార్డు తిప్పి పంపిన సందర్భాలు పత్రికల్లోకి ఎక్కుతూనే ఉన్నాయి.

ఉద్యోగాల రిజర్వేషన్ కాగితం మీద ఘనంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, పాత గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం. 2021 జూన్ నాటికి వివరాలు పంపిన శాఖల్లో మాజీ సైనికులు గ్రూప్ సిలో 1.29 శాతం, గ్రూప్ డిలో 2.66 శాతం. 77 శాఖల్లో వివరాలు పంపినవే 34. అర్హులు దొరకలేదని శాఖలు అంటాయి. పదిహేనేళ్ళు సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలోనో, మరమ్మతులు చూసే ఈఎంఈలోనో యంత్రాలు బాగుచేసినవాడి సర్టిఫికెట్‌ను ఐటీఐ సర్టిఫికెట్‌తో సమానంగా చూడని బల్లల దగ్గర అర్హులు ఎలా దొరుకుతారు?

ఇక భూమి. తెలుగునాట మాజీ సైనికులకు ఇచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చన్న వెసులుబాటు ఉంది. కూతురి పెళ్ళికనో, ఆసుపత్రికనో అమ్మబోతే చాలాసార్లు సర్వే నంబరు 22–ఎ నిషేధిత జాబితాలో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఎన్‌ఓసీ కోసం తహసీల్దారు, ఆర్డీఓ, కలెక్టరేట్ అని ఫైలు పైకి పాకాలి. సరిహద్దు కాపలా కాసినవాడు తన గట్టు తనదేనని రుజువు చేసుకోవడానికి ఏళ్ళు తిరుగుతాడు. ఇచ్చామని చెప్పుకునే జాబితాలో ఈ భూమి మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

4. కోట్లు ప్రకటిస్తున్నారుగా?

2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణలో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆయన భార్యకు గ్రూప్–1 ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. అదే ఘటనలో చనిపోయిన మిగతా 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు ప్రకటించింది. మంచి పనే. ఎవరికి ఇచ్చినదాన్నీ తప్పుపట్టనక్కర్లేదు. అయితే ఇది సైనికులందరికీ అందుతున్నట్టు చూపించడం తప్పు. దేశమంతా టీవీ ముందు కూర్చున్న రోజున చనిపోయినవాడికి దక్కింది, ఏ వార్తా లేని రోజున మంచుచరియ కింద పడినవాడికి దక్కదు. ముఖ్యమంత్రి ఎవరు, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి, కెమెరాలు ఎన్ని వచ్చాయి అన్నదాన్ని బట్టి మారేది వరం. చట్టంలో రాసి ఉండి, అడగకుండానే ఇంటికి వచ్చేది హక్కు. వరాలను చూపించి హక్కుల సంగతి దాటవేయడం ఈ వాదంలోని అతిపెద్ద కనికట్టు.

బతికి వచ్చినవాడికి ఏం చేస్తున్నామో ధరమ్‌వీర్ సింగ్ కేసు చెబుతుంది. 1985లో సైన్యంలో చేరాడు. చేరేటప్పుడు ఏ జబ్బూ లేదని సైన్యం డాక్టర్లే రాశారు. మూర్ఛ వచ్చిందని 1994లో పంపించేశారు. జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదని వైకల్య పెన్షన్ ఇవ్వలేదు. అతను సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచేసరికి 2013 వచ్చింది. చేరినప్పుడు లేని జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే అని కోర్టు తేల్చింది. తేల్చాక కూడా అలాంటి కేసుల్లోనే ప్రభుత్వం అప్పీళ్ళు వేస్తూ వచ్చింది. 2019లో, వైకల్యంతో మధ్యలో పంపించేస్తే తప్ప ఆ పెన్షన్‌కు పన్ను మినహాయింపు లేదని సర్క్యులర్ తెచ్చారు. 2023లో కొత్త నిబంధనలతో అర్హతను ఇంకా బిగించారు. కొందరు దుర్వినియోగం చేస్తున్నారంటారు. ఆఫీసర్లలో వైకల్య పెన్షన్ల వాటా ఎక్కువగా ఉందని కాగ్ కూడా ఎత్తిచూపింది. దొంగ కేసులను మెడికల్ బోర్డు పట్టుకోవాలి. దొంగను పట్టలేక ఊరందరి మీదా జరిమానా వేస్తారా? మన రెండు తెలుగు రాష్ట్రాల సైనికులు ఈ పేచీలతో వెళ్ళాల్సిన సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. కాలు లేని మనిషికి ఇచ్ఛాపురం నుంచి చెన్నై ఎంత దూరమో వాదించేవాళ్ళు ఆలోచించుకోవాలి.

5. ఇంట్లోవాళ్ళకు జీతం ఎవరిచ్చారు?

“జీతం తీసుకున్నాడు” అన్న వాక్యంలో కుటుంబం లేదు. భర్త ఫీల్డ్ పోస్టింగ్‌లో ఉన్న ఏళ్ళలో ఒంటరిగా పిల్లల్ని పెంచి, అత్తమామల్ని చూసుకున్న మనిషికి ఏ పేస్లిప్పూ లేదు. ఆమెతో మన వ్యవస్థ ఎలా వ్యవహరించిందో ఒక నిబంధన చాలు చెప్పడానికి. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోయాక, ఆ పతకం మీద వచ్చే భత్యం అతని భార్యకు అందేది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. మరిదినో బావనో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. స్వతంత్ర భారతంలో ఈ నిబంధన 2017 నవంబరు దాకా నడిచింది. వీరుడి భార్యను ఆ ఇంటి ఆస్తిగా చూసిన నిబంధన ఇది.

అదే 2017లో అమరుల, వికలాంగ సైనికుల పిల్లల చదువుకు ఇచ్చే సాయంపై నెలకు 10,000 పరిమితి పెట్టారు. ఆ సాయం 1971 యుద్ధం ముగిసిన వారంలో పార్లమెంటు సాక్షిగా ఇచ్చిన మాట. పరిమితి పెట్టినందుకు ఏటా మిగిలేది సుమారు 3 కోట్లు. నౌకాదళాధిపతి స్వయంగా లేఖ రాయాల్సి వచ్చింది. 2018 మార్చిలో వెనక్కి తగ్గారు.

పెద్ద నిబంధనలు అలా ఉంచి, ఒక మామూలు కాగితం కదిలే తీరు చూడండి. హవల్దారు చనిపోతాడు. సర్వీసు రికార్డులో భార్య పేరు ‘లక్ష్మమ్మ’. ఆధార్‌లో ‘వెంకట లక్ష్మి’. పుట్టిన తేదీ ఒకచోట ఉంది, ఇంకోచోట ఏడాది మాత్రమే ఉంది. ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. రికార్డ్స్ ఆఫీసు మార్పును నమోదు చేస్తూ పార్ట్–టూ ఆర్డర్ వేయాలి, ఆపైన పెన్షన్ ఉత్తర్వుకు సవరణ రావాలి. ఈఎంఈ వాళ్ళదైతే రికార్డ్స్ సికింద్రాబాద్‌లో ఉంది కాబట్టి కాస్త నయం, ఆర్టిలరీ అయితే నాసిక్. అక్కణ్ణుంచి ప్రయాగ్‌రాజ్ పెన్షన్ కార్యాలయం. ప్రతి ఉత్తరమూ హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. అఫిడవిట్, ఇద్దరు సాక్షులు, గెజిటెడ్ సంతకం. ఒక్క అక్షరం తేడా వస్తే మళ్ళీ మొదటికి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఊళ్ళో అయితే పక్కింటి మాజీ సుబేదారు కూర్చుని దరఖాస్తు రాసిపెడతాడు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి పంపిన ఊరు గనుక దాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మరి సైన్యానికి ఒకే ఒక్కడు వెళ్ళిన ఊళ్ళో ఆమెకు ఎవరు రాసిపెడతారు? మీసేవలో కుర్రాడా, కమీషన్ తీసుకునే బ్రోకరా?

2022 ఏప్రిల్‌లో గుర్తింపు ధ్రువీకరణ అందలేదన్న కారణంతో 58 వేల మందికి పైగా మాజీ సైనికులకు, వితంతువులకు ఆ నెల పెన్షన్ ఆగింది. గోల మొదలయ్యాక మినహాయింపు ఇచ్చి విడుదల చేశారు. ముందు ఆపడం, అరిస్తే ఇవ్వడం. అరవలేనివాళ్ళ గతి ఏమిటి?

6. మాన్‌హోల్ కార్మికుణ్ణి అడ్డం పెట్టుకోవద్దు

పారిశుధ్య కార్మికుడి చావు సైనికుడి చావు కంటే తక్కువ కాదు. అందులో సందేహం లేదు. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాలవల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. సైనికుల మాట రాగానే మాన్‌హోల్ ఊసెత్తేవాళ్ళలో ఎంతమంది, ఆ 30 లక్షలు తమ పట్టణంలో అందాయా లేదా అని మున్సిపాలిటీని అడిగారు? ఒకరి బాకీని ఎత్తిచూపి ఇంకొకరి బాకీ ఎగ్గొట్టడానికి ఈ పోలిక పనికొస్తోంది తప్ప, ఇద్దరిలో ఎవరికీ ఒక్క రూపాయి రాలడం లేదు. ఇద్దరికీ ఇవ్వాల్సి ఉంటే ఇద్దరికీ ఇవ్వాలి. అంతకుమించి ఆ వాదంలో సరుకు లేదు.

7. సైనికుడికి రుణపడడం యుద్ధానికి జై కొట్టడమా?

ఈ అభ్యంతరం మిగతావాటికంటే బరువైనది. సైనికుడి బొమ్మ పెట్టుకుని ఓట్లు అడగడం, ప్రశ్నించినవాడి నోరు మూయించడానికి సియాచిన్ పేరు వాడడం మన కళ్ళముందే జరుగుతున్నాయి. దాన్ని ఎంత తీవ్రంగానైనా ఖండించండి. కానీ ఫ్లెక్సీ కట్టేవాడికీ, “జీతం ఇచ్చాంగా” అనేవాడికీ మధ్య మీరనుకున్నంత దూరం లేదు. ఒకడు చప్పట్లతో సరిపెడతాడు, ఇంకొకడు జీతంతో సరిపెడతాడు. ఆ కుటుంబం ఫైలు ఎక్కడ ఆగిందని ఇద్దరూ అడగరు.

యుద్ధం వద్దనేవాళ్ళకు అసలు ఈ లెక్క ఇంకా ముఖ్యం. తెగిన కాళ్ళకు, చెదిరిన మనసులకు, వితంతువుల యాభై ఏళ్ళ బతుక్కి అయ్యే ఖర్చు మొత్తం ఖజానా మీద కచ్చితంగా పడుతుందని తెలిస్తే, యుద్ధం మాట ఎత్తేవాడు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాడు. ఆ ఖర్చును కుటుంబాల మీదికి నెట్టేసిన దేశానికే యుద్ధం చవకగా కనిపిస్తుంది. ఏరు దాటాక తెప్ప తగలేసే అలవాటున్న పాలకులు ఇంకో ఏట్లో దిగడానికి వెనకాడరు.

కాబట్టి అడగాల్సింది మరిన్ని సన్మానాలు కాదు. వైకల్య పెన్షన్‌పై సుప్రీంకోర్టు తేల్చేసిన విషయాల్లో ప్రభుత్వం అప్పీళ్ళు మానుకోవాలి. విధుల్లో చనిపోయిన అగ్నివీరుడి కుటుంబానికి రెగ్యులర్ జవాను కుటుంబంతో సమానంగా పెన్షన్ ఇవ్వాలి. అమరుల కుటుంబాలకు రాష్ట్రాలు ఇచ్చే సాయాన్ని ముఖ్యమంత్రి ప్రకటన మీద వదలకుండా చట్టంలో రాయాలి. రిజర్వేషన్ పోస్టులు నింపని శాఖ ఏటా పార్లమెంటులో కారణం చెప్పాలి. మాజీ సైనికుల సర్వే నంబర్లను 22–ఎ జాబితా నుంచి అధికారులే వెతికి తీసేయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వితంతువు కాగితాలను తెలుగులో చదివి చెప్పి, రికార్డ్స్ ఆఫీసుతో తానే ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే ఉద్యోగి ఉండాలి. ఇవేవీ దయాదాక్షిణ్యాలు కావు, వాడుకున్న మనిషికి చెల్లించాల్సిన మిగతా సగం. అది చెల్లించకుండా “జీతం ఇచ్చేశాంగా” అనే ప్రభుత్వమైనా, పౌరుడైనా చేస్తున్నది పొదుపు కాదు, ఎగవేత.